బొమ్మలు వేసేవాళ్లూ కోడ్ రాసేవాళ్లూ కలిసి చిన్న స్టూడియో పెట్టాలంటే

ముందు అద్దెకి గది వెతకొద్దు. లోగో గీయొద్దు. పేరేం పెడదామని వాట్సాప్ గ్రూపులో నెల రోజులు చర్చ పెట్టుకోవద్దు. ముందు మనిషిని వెతుక్కోండి. మీకు బొమ్మలు వేయడం వస్తే కోడ్, కరెంటు తెలిసిన మనిషిని, మీది ఇంజినీరింగ్ అయితే గీత తెలిసిన, రంగు తెలిసిన మనిషిని. ఆ ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఒక చిన్న వస్తువు తయారుచేసి పదిమందికి చూపించగలిగారంటే స్టూడియో మొదలైనట్టే, బోర్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హైదరాబాద్‌లో మేం ముగ్గురం కలిసి కొన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాం. ఎగ్జిబిషన్లలో గోడ మీద కదిలే బొమ్మలు, మనిషి దగ్గరికొస్తే వెలిగే లైట్లు, టచ్ స్క్రీన్ మీద పిల్లలు ఆడుకునే పటాలు, మధ్యలో ఇల్లు గడవడానికి వెబ్‌సైట్లు. కాలేజీ అయిపోయిన పిల్లలు ఫోన్ చేసి "అక్కా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత డబ్బు కావాలి" అని అడుగుతుంటారు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

మనిషి ఎక్కడ దొరుకుతారు అంటారా, మీరనుకునేంత కష్టం కాదు. మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కళల విభాగం సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది. ఏడాది చివర విద్యార్థుల ప్రదర్శన పెడితే వెళ్లి చూడండి, గోడ పక్కన నిలబడ్డ పిల్లల్ని పలకరించండి. ఇంజినీర్ల కోసం అయితే మన ఊళ్లలో వెతకాల్సిన పనే లేదు, ప్రతి వీధిలో ఉంటారు, కాకపోతే సొంతంగా రాత్రిపూట ఏదో ఒకటి విప్పి బిగించే అలవాటున్న మనిషి కావాలి. రెజ్యూమె అడగొద్దు. "ఎవరూ అడక్కుండా మీరు చేసిన వస్తువు ఒకటి చూపించండి" అని అడగండి, అది చాలు.

ఇక అసలు సంగతి. ఆర్టిస్టు బొమ్మ పూర్తిచేసి ఇంజినీరు చేతిలో పెట్టి వెళ్లిపోయే పద్ధతి ఎప్పుడూ పెట్టుకోవద్దు. మా మొదటి పెద్ద పని అలాగే చేశాం. ఒక ఎగ్జిబిషన్ హాల్లో ఇరవై అడుగుల గోడ, రాత్రి ఆకాశం, దాంట్లో ఎగిరే కొంగలు. నేను నెల రోజులు కూర్చుని ముదురు నీలంలో, నలుపులో, సన్నటి గీతలతో ఎంతో ఇష్టంగా వేశాను. మా ఇంజినీరు ప్రొజెక్టర్ ఆన్ చేసి చూపించేసరికి గోడంతా బూడిద రంగు. ఆలోచిస్తే చాలా చిన్న విషయం, ప్రొజెక్టర్ నలుపు వేయలేదు. అది వేసేది వెలుతురే, నలుపు అంటే అక్కడ వెలుతురు వేయకపోవడం, అప్పుడు కనిపించేది గోడ రంగూ హాల్లో లైట్ల వెలుతురూ. తెల్లగోడ మీద, లైట్లన్నీ వెలుగుతున్న హాల్లో నల్లటి ఆకాశం ఎక్కణ్నుంచి వస్తుంది? సన్నగీతలైతే అసలు కనపడనే లేదు. ఎనిమిది రోజుల్లో మొత్తం మళ్లీ వేశాను, ఈసారి పొద్దుటి ఆకాశం, లేత రంగులు, లావు గీతలు. మొదటి రోజే ఇద్దరం ఆ హాలుకి వెళ్లి, అద్దె ప్రొజెక్టర్‌తో ఒక్క బొమ్మ వేసి చూసుంటే నెల రోజుల కష్టం మిగిలేది.

ఇలా మొదటి రోజు నుంచీ ఇద్దరూ కలిసి చేయడం కొత్తగా మేం కనిపెట్టిన పద్ధతేం కాదు. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో పదిమంది కళాకారులు, దాదాపు ముప్పై మంది ఇంజినీర్లు కలిసి తొమ్మిది రాత్రుల ప్రదర్శన ఒకటి చేశారు. ఇంజినీర్లు ఎక్కువమంది బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థ వాళ్లు. వాళ్లని కూడగట్టింది బిల్లీ క్లూవర్ అనే ఇంజినీరు, కళాకారుల వైపు నుంచి రాబర్ట్ రౌషెన్‌బర్గ్. ప్రదర్శనకి నెలల ముందునుంచే కళాకారులూ ఇంజినీర్లూ కూర్చుని మాట్లాడుకున్నారు, తయారుచేసుకున్నారు. అక్కణ్నుంచి ముప్పై అయిదేళ్లకి, 2001లో, ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై ఇద్దరూ బొమ్మలు వేసేవాళ్లు కోడ్ నేర్చుకోడానికి ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో డిజైన్ విద్యార్థుల కోసం, లైట్లూ సెన్సర్లూ నడిపించే ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు పుట్టింది. ప్రాసెసింగ్ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, దాని తమ్ముడు పీ5 జేఎస్ మామూలు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కాబట్టి "సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బుల్లేవు" అని ఆగాల్సిన పనిలేదు. త్రీడీకి బ్లెండర్, బొమ్మలు వేయడానికి క్రిటా, గీతల డిజైన్లకి ఇంక్‌స్కేప్, ఇవన్నీ కూడా ఉచితమే.

రోజువారీ పనిలో మాకు బాగా పనికొచ్చిన కిటుకు ఒకటి చెప్తాను. ఆర్టిస్టు వెనక నిలబడి "ఇంకొంచెం మెల్లగా, ఊహూ, ఇంకొంచెం, అంత వద్దు" అంటూ ఉంటే ఇంజినీరు ప్రతిసారీ అంకె మార్చి, సేవ్ చేసి, మళ్లీ నడిపి చూపించాలి, గంటలో ఇద్దరికీ విసుగొస్తుంది, రెండో గంటకి మాటలు పెరుగుతాయి. దానికి బదులు వేగం, రంగు, సైజు, ఆలస్యం, ఇలా ఆర్టిస్టు ముట్టుకోవాలనుకునే ప్రతి అంకెకీ తెర మీద ఒక స్లైడర్ పెట్టి ఇచ్చేయండి. పీ5 జేఎస్‌లో అది ఒక్క లైను పని. ఇంజినీరు టీ తాగి వచ్చేలోపు ఆర్టిస్టు తనకి కావాల్సిన కదలిక తనే పట్టుకుంటారు, ఆ అంకెలు కాగితం మీద రాసి ఇస్తారు. ఆర్టిస్టుల వైపు నుంచి కూడా బాధ్యత ఉంది. బొమ్మంతా ఒకే జేపెగ్‌గా కలిపి పంపిస్తే అందులో కొంగ రెక్క విడిగా ఎలా కదులుతుంది? రెక్క, మెడ, కాలు వేరువేరు లేయర్లలో, పేర్లు పెట్టి, వీలైతే ఎస్వీజీలో (ఎంత పెద్దది చేసినా గీత చెదరని ఫైల్ రకం) ఇవ్వండి.

మొదటి వస్తువు ఏం చేయాలి

మూడు వారాల్లో పూర్తయ్యేది ఎంచుకోండి. ఆరు నెలల కల మొదటిసారే పెట్టుకుంటే ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు. మేం తోలుబొమ్మతో మొదలుపెట్టాం, అది ఎలా నడిచిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మీరు ఏ లైట్ల పని చేసినా ఇవే ఇబ్బందులు వస్తాయి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి. తోలు పలచగా, వెలుతురు దూరేలా తయారుచేసి రంగులద్దుతారు. బొమ్మ కొన్నది ఆ కళాకారుల దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే, బేరం ఆడలేదు, మీరూ ఆడొద్దు. ఆ పని పక్కన వాళ్ల పేరు, ఊరు రాసి పెట్టండి, వాళ్ల బొమ్మని ఫోటో తీసి మన డిజైన్‌గా అమ్ముకోవడం దొంగతనమే. మా ఆలోచన ఏంటంటే చెక్క ఫ్రేములో బొమ్మ, వెనక ఎల్ఈడీలు, ముందు మనిషి దగ్గరికొచ్చేకొద్దీ బొమ్మ మెల్లగా వెలగాలి. దూరం కొలవడానికి చిన్న సెన్సర్, నడిపించడానికి ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో సగం సామాను ఒక్క మధ్యాహ్నంలో దొరికింది.

మొదటి ఇబ్బంది కరెంటు. రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్ మీటరుకి అరవై బల్బులది అయిదు మీటర్లు తీసుకుంటే 300 బల్బులు. డబ్ల్యూఎస్2812బీ రకంలో ఒక్కో బల్బు తెల్లగా పూర్తిగా వెలిగితే 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే మొత్తం 18 ఆంపియర్లు, అయిదు వోల్టుల మీద 90 వాట్లు. ఫోన్ చార్జర్‌తో అయ్యే పని కాదు. సరైన పవర్ సప్లై కొనండి, కోడ్‌లోనే వెలుగుకి హద్దు పెట్టండి. మొదటి చివర మాత్రమే కరెంటిస్తే రెండో చివరకి వెళ్లేసరికి వోల్టేజీ పడిపోయి తెలుపు కాస్తా పసుపుగా, ఇంకా పడితే ఎర్రగా తిరుగుతుంది, ఎందుకంటే నీలానికి కావాల్సిన వోల్టేజీ ఎక్కువ, ముందు అదే ఆగిపోతుంది. రెండు చివర్లకీ, పొడుగు ఎక్కువైతే మధ్యలో కూడా కరెంటివ్వండి. ఈఎస్పీ32 పంపే సిగ్నల్ 3.3 వోల్టులు, స్ట్రిప్ అడిగేది దానికంటే ఎక్కువ, కాబట్టి మధ్యలో సిగ్నల్‌ని అయిదు వోల్టులకి పెంచే లెవెల్ షిఫ్టర్ చిప్ ఒకటి పెట్టండి. అది లేకపోయినా మీ టేబుల్ మీద పనిచేస్తుంది, తీరా చూపించే రోజున లైట్లు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి.

రెండో ఇబ్బంది నాకు చాలా నేర్పింది. అన్నీ బిగించి వెలిగించాం, వెలుతురు బాగానే ఉంది, కానీ బొమ్మ చచ్చిపోయినట్టుంది. ఊళ్లో నూనె దీపం ముందు కళకళలాడిన ఎరుపు ఇక్కడ ఇటుక రంగులోకి తిరిగింది. "రంగు చచ్చిపోయింది" అని నేనంటే మా ఇంజినీరు తేలిగ్గా తీసేయలేదు, లైట్ వైపు నుంచి ఆలోచించాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చిప్పులు కలిపి చేసే తెలుపులో మధ్య రంగులకి చోటుండదు, కంటికి తెల్లగా కనిపించినా సహజ రంగుల మీద పడితే అవి తేడాగా కనిపిస్తాయి. ఆ స్ట్రిప్ తీసేసి సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 పైన ఉన్న వెచ్చటి తెలుపు స్ట్రిప్ పెట్టాం. ఎరుపు మళ్లీ లేచి కూర్చుంది. మీకు రంగులు మారడం కూడా కావాలంటే తెలుపుకి విడిగా చిప్ ఉండే ఆర్జీబీడబ్ల్యూ రకం చూడండి. మీ ఇద్దరి మధ్య మాటలు ఇలాగే నడవాలి, ఒకరు కంటికి అనిపించింది సంకోచం లేకుండా చెప్పాలి, రెండోవాళ్లు దానికి కారణం వెతకాలి.

ఇంకొకటి కూడా వచ్చింది. మనిషి మెల్లగా నడిచొస్తున్నా వెలుగు మెల్లగా పెరగలేదు, మొదట్లో ఒక్కసారిగా దూకి తర్వాత పెరగనట్టే ఉంది. కోడ్‌లో తప్పులేదు, అంకె 0 నుంచి 255 దాకా సమానంగానే పెరుగుతోంది. మన కన్ను అలా చూడదు, చీకట్లో చిన్న తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది, వెలుతుర్లో పెద్ద తేడా కూడా పట్టదు. దానికి గామా కరెక్షన్ అనే లెక్క ఉంది, అంకెని నేరుగా పంపకుండా 2.2 నుంచి 2.8 మధ్య ఘాతంతో వంచి పంపించాలి. అది పెట్టాక బొమ్మ తెల్లారినట్టు వెలిగింది.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త

మన దగ్గర పని చేస్తే తెర మీద తెలుగు తప్పకుండా వస్తుంది, మొదటి రోజే పరీక్షించకపోతే చివరి రోజు కొంప మునుగుతుంది. మేం ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ముందు స్త్రీ, జ్యోత్స్న, రాష్ట్రం, కృష్ణ అని నాలుగు మాటలు టైప్ చేసి చూస్తాం. వత్తులు కింద సరిగ్గా కూర్చుంటే ముందుకెళ్తాం. బ్రౌజర్లో ఇబ్బంది ఉండదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, ఫోటోషాప్ పాత వెర్షన్లలో అయితే సెట్టింగుల్లోకి వెళ్లి భారతీయ భాషల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. గేములు తయారుచేసే యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రో వత్తుల్ని విడగొట్టేస్తుంది, అక్కడ తెలుగు మాటల్ని విడిగా బొమ్మలుగా తయారుచేసి పెట్టుకోవడం తేలిక.

టైప్‌రైటర్‌లా ఒక్కో అక్షరం వచ్చే యానిమేషన్ చాలామంది అడుగుతారు. ఇంగ్లిష్‌కి రాసిన కోడ్ తెలుగుకి పెడితే ఏమవుతుందో చూడండి. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు ముక్కలు. తెర మీద ముందు స, తర్వాత స్, తర్వాత స్త, స్త్, స్త్ర, చివరికి స్త్రీ. చదివేవాళ్లకి అక్షరం మెలికలు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. బ్రౌజర్లో మాటని అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) అని ఒక సౌకర్యం ఉంది, దాంతో ముక్కలు చేసి, పొల్లుతో ఆగిన ముక్క వెనకే హల్లు వస్తుంటే రెంటినీ కలిపేయండి. వరుసకీ వరుసకీ మధ్య జాగా కూడా ఇంగ్లిష్ కొలత ప్రకారం వదలొద్దు, వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి, అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల పైనే ఉంచండి. క్లయింట్లు పంపే మ్యాటర్ చాలాసార్లు అను అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్‌లో ఉంటుంది, దాన్ని యూనికోడ్‌కి మార్చాక ఎవరైనా ఒకరు మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే, ఎక్కడో ఒకచోట అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. ఫాంట్ల కోసం గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ధూర్జటి, సూరన్న, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉన్నాయి, డబ్బు పనికి కూడా వాడుకోవచ్చు.

డబ్బు, కాగితాలు

ఇక్కడ మొహమాటం పనికిరాదు. సగం అడ్వాన్సు అందాకే పని మొదలుపెట్టండి, తెలిసినవాళ్లయినా సరే. లైట్లు, చెక్క, పవర్ సప్లై మీ జేబులోంచి కొని తర్వాత తీసుకుందాం అనుకుంటే ఆ తర్వాత చాలా దూరంలో ఉంటుంది. సర్వీసుల మీద ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డిజైన్ పనికి 18 శాతం. కంపెనీలు ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని ఇస్తాయి, అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది, అయితే చేతికొచ్చేది తక్కువని ముందే అనుకోండి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. దాంతో మీరు చిన్న పరిశ్రమ కింద లెక్క, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకుండా క్లయింటు మీ డబ్బు కట్టాలి, దాటితే వడ్డీ అడిగే హక్కుంది. ఇన్వాయిస్ కింద మీ ఉద్యం నంబరు వేయండి.

కాపీరైట్ గురించి ఒక దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాను. ఒక షోరూముకి చేసిన యానిమేషన్‌ని ఆ సంస్థవాళ్లు మమ్మల్ని అడక్కుండా వేరే ఊళ్లలో ఉన్న షోరూముల్లో కూడా పెట్టేసుకున్నారు. మాది నోటిమాట ఒప్పందం, ఏం అడగగలం? మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, హక్కులు రాసివ్వాలంటే కాగితం మీద సంతకంతో ఉండాలి, అందులో ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లు అని, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకు అని అర్థం. కాబట్టి ఒప్పందంలో ఎన్ని చోట్ల, ఎన్నాళ్లు, ఏ ఏ తెరల మీద అని స్పష్టంగా రాయండి. కోడ్ సంగతి విడిగా రాయండి, ప్రతి పనిలోనూ వాడుకునే మీ సొంత కోడ్ మీదే ఉండాలి, క్లయింట్‌కి వాడుకునే హక్కు మాత్రమే ఇవ్వాలి. భాగస్వాములు కూడా లాభం ఎలా పంచుకోవాలి, ఎవరైనా వెళ్లిపోతే ఏంటి అని మొదటి నెలలోనే రాసుకోండి, స్నేహం నిలబడాలంటే ఇది చేయండి.

మెషీన్ల మీద డబ్బు పోయకండి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, తెలంగాణ ప్రభుత్వం పెట్టిన, వస్తువుల నమూనాలు తయారుచేసుకునే చోటు, ఇంకా లేజర్ కటింగ్ షాపులు ఊరంతా ఉన్నాయి, అవసరమైన రోజు వెళ్లి చేయించుకోండి. కొనాల్సిందల్లా మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, రంగు సరిగ్గా చూపించే మానిటర్ ఒకటి.

పని అప్పగించాక

అక్కడితో అయిపోదు. టేబుల్ మీద పనిచేసిన వస్తువు హాల్లో ఏడాది పనిచేయాలి. రాత్రి తొమ్మిదికి వాచ్‌మన్ గారు మెయిన్ స్విచ్ ఆపేసి ఇంటికెళ్తారు, ఆయన తప్పేం లేదు, రోజూ చేసే పనే. లోపల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఉంటే అలా ఒక్కసారిగా కరెంటు పోవడం వల్ల మెమరీ కార్డు ఏదో ఒకరోజు పాడవుతుంది. సెట్టింగుల్లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయదు, చాలావరకు ఆ బాధ తప్పుతుంది. కరెంటు రాగానే ఎవరూ ఏమీ నొక్కకుండా దానంతటదే మొదలవ్వాలి, అప్పగించే ముందు ఇరవైసార్లు ప్లగ్ పీకి పెట్టి చూడండి. అక్కడ పనిచేసేవాళ్ల కోసం పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క పేజీ రాసి, స్విచ్ ఎక్కడుందో బొమ్మ వేసి, పెట్టె తలుపు లోపల అతికించండి. కొత్త స్విచ్ బోర్డు, వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

వెళ్లేముందు వీడియో తీసుకోండి, తర్వాతి పని తెచ్చేది అదే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షటర్ వేగం 1/50 సెకను దగ్గర పెడితే హాల్లో లైట్లు వీడియోలో మినుకుమినుకుమనవు. ఎల్ఈడీ స్ట్రిప్ అప్పటికీ చారలుగా కనిపిస్తే షటర్ కాస్త అటూ ఇటూ జరిపి చూడండి. ఖాళీ హాల్లో తీయొద్దు, జనం వచ్చే వేళ దాకా ఆగి, వాళ్లు వస్తువు ముందు ఆగినప్పుడు, అడిగి, వెనక నుంచి తీయండి. ఆ రోజు సాయంత్రమే ఫైలుకి పేరు, తేదీ పెట్టి రెండు హార్డ్ డిస్కుల్లో దాచండి.